సోర్సులో లేని మాట

మా ఆయన తర్యానా పోయిన రెండేళ్లకు ఆయన్ని దొంగ అన్నారు. బతికుండగా అని ఉంటే ఆయనే నవ్వి ఏదో ఒక వంకర సమాధానం చెప్పి ఊరుకునేవాడు. పోయాక అన్నారు కాబట్టి సమాధానం చెప్పే పని నా నెత్తిన పడింది.

గొడవ తేయాకుతో మొదలైంది. మేముండే బాండుంగ్ పట్నానికి దక్షిణాన పంగలెంగన్ కొండల మీద ఒక తేయాకు ఫ్యాక్టరీ ఉంది. ఆకు కోసే ఆడవాళ్లు సాయంత్రం బుట్టలు తెచ్చి అక్కడి కాటా మీద పెడతారు. ఆ కాటాలో నడిచే ప్రోగ్రాం మా సంస్థ రాసింది. ఏళ్ల తరబడి బుట్టలు మోసిన ఆడవాళ్లకు ఎంత బరువుందో ఎత్తగానే నడుముకే తెలిసిపోతుంది. కాటా ప్రతిసారీ తక్కువ చూపిస్తోందని గోల పెట్టారు. మా వాళ్లు ప్రోగ్రాంను మొదటి వరస నుంచి చివరి దాకా చదివారు. తప్పు కనపడలేదు. బయటివాళ్ల చేత చదివించారు. అప్పుడూ కనపడలేదు. ప్రోగ్రాంలో తప్పు లేకపోతే, దాన్ని యంత్రానికి అర్థమయ్యే అంకెల్లోకి మార్చే కంపైలర్‌లోనే ఏదో మోసం ఉండాలని తేల్చారు. ఆ కంపైలర్ రాసింది మా ఆయన. ఆయన లేడు. పోయినవాడి మీదికి తోస్తే తిరిగి మాట్లాడడు కదా, అందరికీ సుఖం.

ఆ ఆకు కోసేవాళ్లలో మా అత్తగారు కూడా ఉన్నారు. ఆవిణ్ణి మేమంతా అంబు అని పిలుస్తాం. కొడుకు చదువుకుని పట్నంలో ఉద్యోగస్తుడైనా ఆవిడ కొండ దిగలేదు, బుట్ట దించలేదు. ఈ వార్త పైకి చేరగానే తోటివాళ్లు ఆవిడ పక్క సాలులో నిలబడి ఆకు కోయడం మానేశారు. ఒకామె అయితే నీ కొడుకు మా కడుపు కొట్టాడని మొహం మీదే అందట. అంబు మర్నాడే బస్సెక్కి మా ఇంటికొచ్చింది. మంచినీళ్లు కూడా ముట్టకుండా వంటింట్లో చాప మీద కూర్చుంది.

"నెంగ్, నాకు మాత్రం నిజం చెప్పు. వాడేమన్నా చేశాడా?"

కోడల్నైనా పెళ్లాన్నైనా మా వైపు ముద్దుగా నెంగ్ అంటారు. ఆ ముద్దు ఆ రోజు ఆవిడ గొంతులో లేదు. లేదు అంబు, ఆయన అలాంటివాడు కాదని అన్నాను.

"అది నాకు తెలుసు. నాకు తెలిస్తే సరిపోదే. వాళ్లకు తెలియాలి. నువ్వూ ఆ చదువే చదివావుగా, చూపించు."

చూపించడం అంత తేలికైన పని కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే ఆ కంపైలర్ పుట్టుక చెప్పాలి.

మేం కొత్తగా ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో సంస్థకు ఒక్కటే కంప్యూటర్. దాంట్లో నడిచే విదేశీ కంపైలర్ తరచూ చచ్చిపోయేది. ఎందుకు చస్తోందో అడుగుదామంటే రాసినవాళ్లు సముద్రాల అవతల ఉన్నారు. తర్యానాకు విసుగు పుట్టింది. మన భాష మనమే చేసుకుందాం అన్నాడు. దానికి లిసుంగ్ అని పేరు పెట్టాడు, అంటే మా ఇళ్లలో వడ్లు దంచే రోలు. పైగా ఒక పంతం పట్టాడు. లిసుంగ్‌కు కంపైలర్‌ను లిసుంగ్‌లోనే రాయాలట. మరి ఆ రాసినదాన్ని, అదే సోర్సు అంటాం మేం, మొదటిసారి అంకెల్లోకి ఎవరు మారుస్తారు? అందుకని ముందు ఒక ముతక కంపైలర్‌ను ఒట్టి అంకెలతో, చేత్తో కూర్చాడు. దానికి లిసుంగ్ సగమే వచ్చు, అదీ నత్తిగా. ఆ ముతకది అసలు కంపైలర్‌ను మార్చి ఇచ్చింది. ఆ అసలుది తన్ను తానే మళ్లీ మార్చుకుంది. ఇక ముతకదానితో పని లేదు.

పని లేదు కనుక చెరిపేశాం. ఫ్లాపీలకు కటకటగా ఉండే రోజులు అన్నది ఒక కారణం. అసలు కారణం గర్వం. పిల్లాడు నడవడం మొదలెట్టగానే నడకబండిని పొయ్యిలో పెట్టినట్టు, కంపైలర్ తన కాళ్ల మీద నిలబడిందంటే మొదటిదాన్ని తుడిచెయ్యడం మా వాళ్ల ఆనవాయితీ. పునాది తీసి పారేసి పండగ చేసుకునే పనివాళ్లు ఈ భూమి మీద మేమొక్కళ్లమే అనుకుంటాను.

పండగంటే నిజంగానే పండగ. పసుపన్నాన్ని కొండలా పోసి, చుట్టూ కోడికూర, వేయించిన సోయా టెంపే ముక్కలు పేర్చారు. కొండ కొసను కోసి అక్కడున్న పెద్దవాళ్లకు ఇవ్వడం మర్యాద. తర్యానా డైరెక్టరుగారిని దాటుకుంటూ వచ్చి ఆ కొసను నా పళ్లెంలో పెట్టాడు. అప్పటికి మాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. సిగ్గుతో చచ్చిపోతుంటే, అది చాలదన్నట్టు అందరూ వినేలా అన్నాడు.

"నెంగ్, నీకోసం ఒక మాట అందులో దాచాను. సోర్సంతా వెతుక్కో, దొరకదు."

అందరూ పగలబడి నవ్వారు. ఏం మాట అని అడిగితే చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా, దొరికినప్పుడు చూసుకో అనేవాడు. నేనూ అడగడం మానేశాను. ఎక్కడికి పోతాడు, ఎప్పుడో ఒకప్పుడు చెప్పకపోతాడా అనుకున్నాను.

సోర్సులో లేని మాట కంపైలర్‌లో ఎలా ఉంటుందని, ఇదంతా విన్నాక అంబు ఆ రోజు అడిగింది. ఆవిడకు పెయుయెం లెక్కన చెప్పాను. కర్రపెండలం ఉడికించి తోడు కలిపి పులియబెడతాం. ఆ తోడు అంతకుముందటి తోడు నుంచి వచ్చింది, అది దాని ముందుదాని నుంచి. మొట్టమొదటి తోడులో ఏదైనా వాసన చేరిందంటే ఎన్ని వాయిలు వేసినా ఆ వాసన వస్తూనే ఉంటుంది. పెండలాన్ని కోసి చూస్తే మాత్రం ఏమీ కనపడదు. కంపైలరూ అంతే. ఈనాటిది నిన్నటిదాని చేతిలో తయారైంది, నిన్నటిది మొన్నటిదాని చేతిలో. ఆ చెరిపేసిన ముతకదాంట్లో ఏదైనా తెలివిగా పెట్టి ఉంటే, అది తరం తరానికీ తన్ను తాను అంటించుకుంటూ వస్తుంది. సోర్సు మాత్రం కడిగిన పళ్లెంలా ఉంటుంది. అలా ఒక మాటను దాచవచ్చు, దొంగనూ దాచవచ్చు.

సరిగ్గా ఈ సంగతే సంస్థ సమావేశంలో విర్యా ఎత్తాడు. విర్యా మా ఆయన స్నేహితుడు, ఇప్పుడు మా విభాగానికి పెద్ద. చెడ్డవాడు కాదు. తర్యానా శవానికి స్నానం చేయించిన వాళ్లలో ఒకడు. బల్ల మీదినుంచి కళ్లెత్తకుండా చెప్పాడు.

"వదినా, నన్ను తిట్టుకో. కానీ ఏదో దాచానని వాడే అన్నాడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. ఇప్పుడు చెప్పకుండా ఊరుకుంటే నేనూ దొంగనే."

లాగి ఒకటి కొట్టాలనిపించింది. కొట్టలేదు, ఎందుకంటే అతను చెప్పింది నిజం. నా మొగుడు సరసానికి అన్న మాటే ఆయన మెడకు ఉరితాడైంది.

నాకు ఇంకో బాధ కూడా ఉంది. అది ఆ గదిలో ఎవరికీ తెలియదు. తర్యానాను డెంగీ తీసుకుపోయింది. జ్వరం మొదలైన మూడోరోజుకే మనిషి స్పృహలో లేడు. ఏవేవో పలవరించాడు. అందులో నా పేరు లేదు. ఎవరితోనో బస్సు ఎన్నింటికని వాదులాడుతూ పోయాడు. నాతో చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే అది ఇక ఆ కంపైలర్‌లోనే ఉండాలి. ఆయన పోయినప్పటినుంచీ వీలు చిక్కినప్పుడల్లా దాని అంకెలను తెర మీదికి దించుకుని చూస్తూ వచ్చాను. అంకెల సముద్రం అది. ఎక్కడా ఏమీ దొరకలేదు. దొరక్కపోవడం నాకు ధైర్యంగానే ఉండేది. ఆయన దాస్తే అంత తేలిగ్గా దొరికేలా దాస్తాడా?

దారి ఒక్కటే ఉందని సమావేశంలో నేనే చెప్పాను. మన పాత కంపైలర్‌ను, దానితో తయారైన దేన్నీ ముట్టుకోకుండా, ఇంకో ముతక కంపైలర్‌ను మళ్లీ మొదటినుంచి నేను కడతాను. దాని చేత ఇదే సోర్సును మార్పిస్తాను. వచ్చినదాని చేత మళ్లీ అదే సోర్సును మార్పిస్తాను. ఒకే సోర్సు కాబట్టి, అమ్మమ్మలు వేరైనా మనవరాళ్లు అచ్చంగా ఒక్కలా ఉండాలి, ఒక్క అంకె తేడా లేకుండా. ఉంటే తర్యానా ఏమీ దాచనట్టు. లేకపోతే దాచినట్టు.

విర్యా తలెత్తి నా వంక చూశాడు. అతను తెలివైనవాడు, అర్థమయ్యే ఉంటుంది. ఆయన పేరు నిలబడాలంటే రెండూ ఒకటే కావాలి. ఆయన మాట నాకు దక్కాలంటే తేడా రావాలి. రెండూ జరగవు.

ఆ వానాకాలమంతా ఆ పనిలోనే పోయింది. మా ఎడిటర్ లిసుంగ్‌తో చేసినదే, అచ్చు వేసే ప్రోగ్రాం కూడా దానితో చేసినదే. అన్నీ మైలే. మా గాలి సోకని ఒక పాత కంప్యూటర్ తెప్పించుకుని, దాంట్లోకి అంకెలను ఒక్కొక్కటిగా నా చేత్తో కొట్టాను. ముందు అంకెలు చదివే చిన్న ముక్క. ఆ ముక్క సాయంతో ఇంకాస్త పెద్దది. దాని సాయంతో ఇంకోటి. మధ్యాహ్నం పూట వాన వెలిసినప్పుడు గేటు దగ్గర బండివాడి బజ్జీలు తిని మళ్లీ కూర్చునేదాన్ని. ఒక్క అంకె తప్పితే యంత్రం బిగుసుకుపోయేది. మళ్లీ మొదలు.

అప్పట్లో ఈ పనంతా తర్యానా చేస్తుంటే నేను పక్క గదిలో మిగతా ప్రోగ్రాంలు రాసేదాన్ని. ఇంటికొచ్చి ముభావంగా అన్నం తిని పడుకుంటే, ఏం మనిషివయ్యా, పెళ్లాంతో నాలుగు మాటలు మాట్లాడలేవా అని సాధించేదాన్ని. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుంటే తెలిసొచ్చింది. సాయంత్రానికి నా నోట్లోనూ మాట మిగిలేది కాదు. కొన్నిచోట్ల సోర్సులో ఆయన ఎందుకంత చుట్టుతిరిగి రాశాడో అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు నేనూ అదే గోతిలో పడి, అదే చుట్టు తిరిగి పైకొచ్చాను. అలాంటప్పుడు ఎవరూ లేకుండా చూసి, కాంగ్, ముందే చెప్పి ఉండకూడదా అని పైకే అనేసేదాన్ని. కాంగ్ అని నేను ఆయన్ని పిలిచే పిలుపు. నిజం చెప్పాలంటే ఆయన పోయాక నాకు దక్కిన మంచి రోజులు అవే. ఆయన నడిచిన దారిలోనే ఆయన వెనకాలే నడుస్తున్నట్టుండేది. పని అయిపోతుందేమోనని భయం కూడా వేసేది.

అయిపోయింది. పరీక్ష పెట్టిన రోజు పొద్దున్నే గది నిండా జనం. విర్యా, డైరెక్టరుగారు, ఫ్యాక్టరీ తరఫున ఒక మేనేజరు. అంబు తనతో మరో ఇద్దరు ఆకు కోసేవాళ్లను వెంటబెట్టుకొచ్చింది. వాళ్లలో ఒకామె, అంబు మొహం మీద అన్నదే. రండి, మీ కళ్లతో చూడండి అని తీసుకొచ్చిందట. అంత నమ్మకం ఆవిడకు కొడుకు మీద.

పాతదాని మనవరాలు నిన్ననే తయారై ఉంది. కొత్తదాని మనవరాల్ని అప్పుడే తయారుచేశాను. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చే ప్రోగ్రాంను కూడా నేనే కొత్తగా రాశాను. తేడా ఉంటే ఎక్కడుందో చెబుతుంది, లేకపోతే ఏమీ చెప్పదు. మీట నొక్కాను.

తెర మీద ఒక వరస వచ్చింది. తేడా ఉంది.

విర్యా కళ్లు మూసుకున్నాడు. మేనేజరు గొంతు సవరించుకుని, అయితే అనుమానం నిజమేనన్నమాట అన్నాడు. అంబు వైపు చూసే ధైర్యం నాకు లేదు. ఆవిడ పక్కనున్న ఆడవాళ్లు కొద్దిగా ఎడంగా జరగడం మాత్రం తెలిసింది. ఆ క్షణంలో నాకేమైందో చెబితే నన్ను మనిషనరు. నాకు సంతోషమైంది. కడుపులోనుంచి పొంగుకొచ్చిన సంతోషం. ఉన్నావు కాంగ్, ఏదో దాచావు, నాకోసం ఉంచావు అనుకున్నాను. లోకమంతా నిన్ను దొంగ అననీ, నాకేం అనుకున్నాను.

చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. తేడా ఉన్నచోటును తెరిచాను. ఫైలు మొదట్లోనే ఉంది. చూడగానే తెలిసిపోయింది. తయారుచేసిన తేదీని కంపైలర్ ప్రతి ఫైలు నెత్తినా రాస్తుంది. ఇది నిన్నటిది, అది ఈనాటిది. అంతకుమించి ఏమీ లేదు. నేను నోరు విప్పకపోతే ఆ గదిలో ఎవరైనా కనిపెట్టేవాళ్లో లేదో తెలియదు.

"తేదీ," అన్నాను. "తేదీ ఒక్కటే తేడా. గడియారం వెనక్కి తిప్పి మళ్లీ చేస్తాను."

గడియారాన్ని నిన్నటికి తిప్పాను. కొత్తదాన్ని మళ్లీ తయారుచేశాను. పోల్చాను.

ఏమీ రాలేదు. తెర మీద కర్సర్ ఆరుతూ వెలుగుతూ ఉంది. అందరం దాన్నే చూస్తున్నాం. అంబుతో వచ్చినవాళ్లలో ఒకావిడ ఉండబట్టలేక అడిగింది.

"ఏంటమ్మా, ఏమీ రాలేదేం? పాడైపోయిందా?"

"ఏమీ రాకపోతేనే మంచిది," అన్నాడు విర్యా. చెబుతూనే ఏడ్చేశాడు. నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుని, వదినా, వాడు కడిగిన ముత్యం, నన్ను క్షమించు అన్నాడు.

"ఇంకోసారి నడుపుతాను," అన్నాను.

నాది జాగ్రత్త అనుకున్నారందరూ. డైరెక్టరుగారైతే మెచ్చుకోలుగా తలూపారు. మళ్లీ నడిపాను. ఏమీ రాలేదు. మూడోసారి మీట మీదికి వేలు పోతుంటే విర్యా మెల్లగా నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

కంపైలర్‌లో ఏమీ లేదని తేలాక, ఇక వేరే గతిలేక, ఫ్యాక్టరీవాళ్లు కాటాను చూశారు. కాటా దగ్గరి గుమాస్తా పొద్దున్నే ఖాళీ బుట్టను పళ్లెంలో పెట్టి సున్నాకు తెచ్చేవాడట. ఆపైన ప్రోగ్రాం తనవంతుగా బుట్ట బరువు తీసేసేది. రెండుసార్లు బుట్ట పోయేది. ఇంతే. ముందే ఎవరైనా వెళ్లి కాసేపు కాటా పక్కన నిలబడి ఉంటే సరిపోయేది. అది ఎవరికీ తోచలేదు, చనిపోయిన నా మొగుడు మాత్రం తోచాడు.

కోపం వాళ్ల మీద ఎక్కువసేపు నిలవలేదు. నా కోపమంతా ఆయన మీదే. అబద్ధాలకోరు. పండగపూట నలుగురిలో నన్ను సిగ్గుపెట్టడానికి నోటికొచ్చింది అనేశాడు. అడిగినప్పుడల్లా కళ్లెగరేసి నవ్వాడు. అందులో ఏమీ లేదు. అసలు ఎప్పుడూ ఏమీ లేదు. సరే, ఏమీ లేదే పిచ్చిదానా, ఊరికే అన్నాను అని ఒక్కసారి చెప్పి ఉంటే, నేను వేరే ఏదో ఒకటి చెప్పించుకుని ఉండేదాన్ని కదా ఆయన చేత. అప్పుడు టైముంది మాకు.

తర్వాతి ఆదివారం అంబు తన ఇంట్లో నలుగురినీ పిలిచి ప్రార్థన చేయించి భోజనాలు పెట్టింది. నన్ను ముందురోజే రమ్మంది. తేయాకు సాలుల్లోంచి ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు, చేతుల్లో అరటిగెలలు, గుడ్లు, ఎవరికి కలిగింది వాళ్లు తెచ్చారు. మొహం మీద అన్నావిడ గడప దగ్గరే అంబు చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. అంబు ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఎన్నాళ్ల తర్వాతో ఆవిడ మొహం విప్పారింది. నేను టీ గ్లాసులు అందిస్తున్నాను. వచ్చిన ప్రతివాళ్లకూ నన్ను చూపించి, ఇది మా కోడలు, మెషీన్‌తో అందరి ముందూ తేల్చి చూపించింది అని చెప్పుకుంటోంది.

"వాడు అందులో ఏమీ దాచలేదట. ఒక్క ముక్క కూడా దాచలేదు నా బిడ్డ. కదా నెంగ్?"

"అవును అంబు," అన్నాను. "ఒక్క ముక్క కూడా లేదు."

ఇంకొకళ్లు వచ్చారు. అంబు మళ్లీ మొదటినుంచి చెప్పి, మళ్లీ నన్ను అడిగింది. చీకటిపడేదాకా జనం వస్తూనే ఉన్నారు. అడిగినప్పుడల్లా గ్లాసు చేతికిచ్చి, అవునని చెబుతూనే ఉన్నాను.